అధికారమునకు పొలిమేర

పొలమునకు గట్టు ఎందులకని కామారెడ్డి ప్రాంతపు రైతు నడిగినచో నవ్వును. గట్టు లేనిచో నీరు నిలువదు. ఎవని చేను ఎందాకయో తెలియదు. గట్టు వేయువాడు పొరుగువానిని దొంగ యని నిందించుట లేదు. ఇరువురును తగవు లేక బ్రతుకుటకు వలసిన యేర్పాటు చేయుచున్నాడు. రాజ్యాంగ మర్మ మంతయు ఈ గట్టులోనే యున్నదని మాకు తోచుచున్నది. అయినను మన విద్యావంతులలో ననేకులు, "పాలించువాడు మంచివాడైనచో హద్దు లెందులకు?" అని యడుగుచుందురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మంచివానికి సయితము పగ్గము వేయుట ధర్మమా?

బృహదారణ్యకోపనిషత్తు ధర్మమును క్షత్రమునకు పైదిగా నిలిపి, ధర్మబలముచే దుర్బలుడును బలవంతు నెదుర్కొన నాశింపగలడని బోధించినది. భావ ముత్తమమే. కాని ధర్మము తప్పిన రాజు నాపువా డెవడు? ఆ భారము చాలవరకు మంత్రి పురోహితుల హితవాక్యములపైననే నిలిచియుండెను. 1748లో ఫ్రెంచి పండితుడు మాంటెస్క్యూ ఈ ప్రశ్నకే మరియొక తెరవు చూపెను: శాసనము చేయుట, దానిని నడపుట, తగవు తీర్చుట యను మూడు పనులును ఒకే చేతిలో నుండరాదనెను.

అయితే పని పంచిన మాత్రమున చాలునా? చాలదని మన ప్రాంత చరిత్రయే చెప్పుచున్నది. కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలు నిజాము రాజ్యములో నుండగా, 1921 ప్రాంతమున ఏడవ నిజాము న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖనుండి వేరుచేసెను. అది పొగడదగిన సంస్కరణమే. కాని యా నిజాము పాలనలోనే, సభలు జరుపుటకు ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని నిర్బంధించు 53వ నంబరు గస్తీ వెలువడెను. న్యాయాధిపతి వేరైనను, ప్రభువు చిత్తమునకు విరుద్ధముగా ఆ గస్తీ చెల్లదని కొట్టివేయుట ఆయన వశము కాదు. ఏలయన ఫర్మానాయే శాసనము. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను తొలి ఆంధ్ర మహాసభ జరిగినది ఇట్టి నిర్బంధముల నడుమనే. పని పంచుట వేరు, హద్దు వేయుట వేరు. తానే పంచి యిచ్చిన దానిని ప్రభువు తానే మరల గైకొనగలడు గదా!

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము రెండు పనులును చేసినది. అధికారమును శాసనసభకు, ప్రభుత్వమునకు, న్యాయస్థానమునకు పంచినది. ప్రాథమిక హక్కులను హరించు శాసనము చెల్లదని 13వ అధికరణమున హద్దు వేసినది. హద్దు దాటినప్పుడు హైకోర్టు తలుపు తట్టుటకు 226వ అధికరణమున త్రోవ చూపినది.

ఆ త్రోవ ఎట్టిదో 2023లో కామారెడ్డి రైతులకు తెలిసివచ్చినది. పట్టణపు మాస్టరు ప్లాను ముసాయిదాలో తమ సాగుభూములు పరిశ్రమలకై గుర్తింపబడినవని పరిసర గ్రామములవారు ఆందోళన చేసిరి, హైకోర్టు నాశ్రయించిరి. జనవరి 20న పురపాలక సంఘము ఆ ముసాయిదాను ఉపసంహరింపవలెనని తీర్మానించెను. పట్టణమునకు పరిశ్రమలు వలదని మే మనము. కాని చట్టబలము లేక ఎవని ఆస్తిని తీసికొనరాదని 300ఎ అధికరణము చెప్పుచుండగా, భూమి గలవాని మాట ముందుగా వినుట ప్రభుత్వమునకు దయాధర్మము కాదు, విధి. అయితే ఆ తీర్మానమునకు ముందే ఒక రైతు ప్రాణము తీసికొనెనని మరువరాదు. హద్దు కాగితముపై నుండగనే చాలదు. సామాన్యునికి సకాలమున కానరావలెను.

గట్టును లోపలివారే త్రవ్వివేయుటయు కలదు. ఎల్లారెడ్డినుండి 2018లో కాంగ్రెసు పక్షమున నెన్నికైన శాసనసభ్యుడు 2019లో అధికారపక్షమున చేరెను. అట్లు చేరినవారు పండ్రెండుగు రగుటచే, మూడింట రెండువంతులు కలిసిపోయినచో విలీనమను పదవ షెడ్యూలు నియమము వారికి అండయయ్యెను. మేము ఆ సభ్యుని తప్పెన్నుట లేదు, ఏర్పాటును పరికించుచున్నాము. ప్రభుత్వమును నిలదీయుటకు పంపబడినవారు ప్రభుత్వమువారే యైనచో, పంపకము పేరునకు మిగులును, ఫలము మిగులదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మే మొక బడిపంతులము. తరగతిలో నియమము చేయువారము మేమే. తప్పు పట్టువారము మేమే. తీర్పు చెప్పి శిక్షించువారమును మేమే. ఒకనాడు పుస్తకము దొంగిలించెనని యొక బాలుని అందరి యెదుట నిలిపి దండించితిమి. మరునాడు ఆ పుస్తకము మా బల్ల సొరుగులోనే దొరికెను. ఆ బాలుడు మే మడిగినప్పుడు "నేను కాదండీ" యని యొకమారు చెప్పి యూరకుండెను. రెండవమారు చెప్పుకొనుటకు వానికి వేరొక చోటు లేదు. మాకు వానిపై ద్వేషము లేదు. న్యాయము చేయుచున్నామనియే నమ్మితిమి. మంచివానికి హద్దెందుల కనువారికి మా జవాబిదియే. దుర్మార్గుడు తన తప్పు నెరుగును. మంచివాడు తన మంచితనమును నమ్ముకొని తప్పు చేయును గాన దానిని కనుగొనలేడు. హద్దు ఆయనకు అవమానము కాదు, రక్ష.

రాజ్యాంగ నీతి మనకు సహజముగా రాదనియు, అభ్యసించి పొందవలసినదనియు 1948 నవంబరులో అంబేద్కరుగారు రాజ్యాంగ సభలో హెచ్చరించిరి. ఆ అభ్యాసము ఎచ్చట మొదలిడవలెను? ఇంటిలోననే. ఇల్లాలిని అడుగక పొలము నమ్ము యజమానుడును, కుమార్తె మాట వినక సంబంధము నిశ్చయించు తండ్రియు, సర్కారు తమ మాట వినలేదని వాపోవుట మేము వినుచున్నాము. ఎదురు చెప్పువారికి ఇంట చోటీయనివాడు దేశమున దాని నెట్లు కాపాడగలడు? మేము ఆ బాలుని క్షమాపణ వేడితిమి. అటుపిమ్మట మా తరగతిలో, దండనకు ముందు, నిందింపబడినవాడును వాని స్నేహితు డొకడును మాటాడవలెనను నియమ మేర్పరచితిమి. పని కొంత యాలస్యమగుచున్నది. ఆ యాలస్యమునకు మేము చింతించుట లేదు.