కనబడనిదంతా లేనట్టేనా?

మట్టిలో పేలుడు పదార్థపు అవశేషం ఉన్నదని తేల్చడం కంటే లేదని తేల్చడమే ప్రయోగశాలకు కష్టం. ఈ చిక్కు కొత్తది కాదు: ఒక వస్తువు లేదన్న జ్ఞానం ఏ ప్రమాణం వల్ల, అంటే ఏ జ్ఞానసాధనం వల్ల, కలుగుతుందని దర్శనకారులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. తర్కసంగ్రహ కర్త, ఆంధ్రుడైన అన్నంభట్టుతో సహా నైయాయికులు నాలుగే ప్రమాణాలనీ, అభావం ప్రత్యక్షంతోనే తెలుస్తుందనీ అనగా, కుమారిలభట్టు అనుయాయులు, అద్వైతులు అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని అంగీకరించారు. అయితే ఉండివుంటే కనబడి తీరేదన్నప్పుడే కనబడకపోవడం లెక్కకు వస్తుందన్న చోట ఇరుపక్షాలకూ పేచీ లేదు. దీనినే యోగ్యానుపలబ్ధి అంటారు. చీకటి గదిలో కుండ కనబడలేదు కనుక కుండ లేదనరాదు.

వైనతేయ పాయ సముద్రంలో కలిసే ఓడలరేవు పరిసరాల్లో ఈ షరతు నిలవడం తేలిక కాదు. అక్కడి మట్టిని ఆరబెట్టి, జల్లించి, అసిటోనైట్రైల్ ద్రావణిలో కలిపి, అల్ట్రాసానిక్ తొట్టిలో 18 గంటలు ఉంచి, ఆ సారాన్ని హెచ్‌పీఎల్‌సీ యంత్రంలోకి పంపితే, పదార్థాలు సన్నని గొట్టంలో వేర్వేరు వేగాలతో నడిచి విడిపోతాయి. 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పేలుడు పదార్థమైన టీఎన్‌టీ పీల్చుకుంటే తెరపై తన సమయానికి ఒక శిఖరం లేస్తుంది. లేవకపోతే, ఫలానా పరిమాణానికి పైన కనబడలేదని మాత్రమే నివేదిక రాయగలదు.

నీరు నిలిచి గాలి ఆడని వరిమడిలో సూక్ష్మజీవులు టీఎన్‌టీలోని నైట్రో సమూహాలను అమైనో సమూహాలుగా మార్చేస్తాయి. మరో పేలుడు పదార్థం ఆర్‌డీఎక్స్ మట్టిని గట్టిగా పట్టుకోక నీటి వెంట కిందికి దిగిపోతుంది. తార్కికుల మాటల్లో ఉండి నశించినదాని లేమి ప్రధ్వంసాభావం, ఏ కాలంలోనూ లేనిదాని లేమి అత్యంతాభావం. యంత్రం గీసే చదునైన గీత మాత్రం రెండింటికీ ఒక్కటే. వీటిని విడదీయాలంటే టీఎన్‌టీని వదిలి, అది విరిగి మిగిల్చే అమైనో డైనైట్రోటోలుయిన్ల కోసం వెదకాలి. నైయాయికులు ఈ పరీక్షను చూసివుంటే ముచ్చటపడేవారేమో.

ఎదురు దోషమూ ఉంది. డైఫినైలమీన్ చుక్కకు మట్టిసారం నీలంగా మారితే నైట్రేట్ ఉన్నట్టే కానీ, ఎరువు వేసిన కొబ్బరితోటలోనూ నైట్రేట్ ఉంటుంది. సాధ్యం, అంటే నిరూపించదలచినది, లేనిచోట కూడా కనిపించే ఇటువంటి హేతువును తార్కికులు సవ్యభిచారమన్నారు. ఇక లేమి వైపే చూస్తే, 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలిన చోట నైట్రో సంయోగాలు దొరకకపోయినంత మాత్రాన పేలుడు జరగలేదని ఎవరూ అనరు, సహజవాయువులో అవి ఉండవు గనుక.

యోగ్యతను పరీక్షించే పద్ధతి ప్రయోగశాల దగ్గర ఒకటుంది: అదే రేవు ఇసుకలో తెలిసిన పరిమాణంలో టీఎన్‌టీని కలిపి, ఎంత తిరిగి వస్తుందో కొలుస్తారు. పూర్తిగా తిరిగి వచ్చినా ఆ సాక్ష్యం చెల్లేది ఈనాటి ఇసుకకే, నడిచిపోయిన వానాకాలాలకు కాదు.