ఆపిన చోటు నుంచే మళ్లీ: విడతల్లో నర్మదా పరిక్రమ

పోయిన వారం వీడియోలో నర్మదా పరిక్రమ గురించి చెప్పాక, హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు ఇలా అడిగాడు. "అన్నా, మా నాన్న జీవితమంతా పరిక్రమ చేయాలనుకున్నారు. రిటైరయ్యేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. ఆయన బదులు నేను నడుద్దామనుకుంటున్నా. కానీ నాకు దొరికేది వేసవిలో తొమ్మిది రోజుల సెలవే. ముక్కలు ముక్కలుగా నడిస్తే అది పరిక్రమ అవుతుందా, ట్రెక్కింగ్ అవుతుందా?"

ఒక్క మాటలో తేల్చేసే ప్రశ్న కాదిది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. అమర్‌కంటక్‌లో పుట్టి, భరూచ్ దాటి సముద్రంలో కలిసేదాకా నర్మదమ్మ పొడవు 1,312 కిలోమీటర్లు. ఒక ఒడ్డున వెళ్లి, రెండో ఒడ్డున తిరిగి రావాలి. నది ఎప్పుడూ మన కుడి చేతి వైపే ఉండాలి. మధ్యలో ఎక్కడా దాటకూడదు, సముద్రం దగ్గర మాత్రమే పడవ ఎక్కాలి. మొత్తం 2,600 కిలోమీటర్ల పైమాటే. సంప్రదాయం చెప్పే గడువు మూడేళ్ల మూడు నెలల పదమూడు రోజులు. తొమ్మిది రోజుల్లో రానూపోనూ రెండు తీసేస్తే మిగిలేవి ఏడు. రోజుకి పదిహేను కిలోమీటర్లు వేసుకున్నా ఏడాదికి వంద. అంటే దాదాపు 26 వేసవులు!

బెదిరిపోకు తమ్ముడూ. విదేశాల్లో పొడవాటి కాలిబాటలని ఇలా కొంచెం కొంచెంగా నడవడాన్ని సెక్షన్ హైకింగ్ అంటారు. నర్మద ఒడ్డున దీనికి ఎప్పటినుంచో ఒక పేరుంది, ఖండ పరిక్రమ. జబల్‌పూర్‌కి చెందిన చిత్రకారుడు, రచయిత అమృత్‌లాల్ వేగడ్ గారు 1977లో జబల్‌పూర్ నుంచి మండలా వైపు మొదటి విడత నడిచారు. అప్పటికి ఆయనకి యాభై దగ్గర పడ్డాయి. ఉద్యోగం, సంసారం ఏదీ వదల్లేదు. సెలవులు దొరికినప్పుడల్లా వెళ్లి, ఏళ్ల తరబడి నడిచారు. ఆ నడకల్లోంచే ఆయన నర్మద పుస్తకాలు పుట్టాయి.

అయితే ముక్కలుగా చేస్తే ఫలం పోదా? సరిగ్గా ఇదే అనుమానం గీత ఆరో అధ్యాయంలో అర్జునుడికి వస్తుంది. యోగం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాడి గతేమిటి, ఇటూ అటూ కాకుండా చెదిరిన మబ్బులా అయిపోతాడా అని అడుగుతాడు. మంచిపని చేసినవాడికి దుర్గతి ఉండదని కృష్ణయ్య భరోసా ఇస్తాడు. అలాంటివాడు మళ్లీ పుట్టినా, ఎంతదాకా వచ్చాడో ఆ సంస్కారం వాడితోనే వస్తుందట, అక్కడి నుంచే మళ్లీ ముందుకి సాగుతాడట. జన్మ మారినా చెరగని లెక్క, ఏడాది సెలవు అడ్డొస్తే చెరిగిపోతుందా?

కానీ ఆ మాటలోనే ఒక షరతు కూడా ఉంది. ఆపిన చోటు నుంచే మొదలుపెట్టాలి. ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు, జీపులో అర్థమైంది.

నా రెండో విడతలో నాలుగో రోజు. పాదాల నిండా బొబ్బలు. ఎండ మండిపోతోంది. పక్కనే ఒక జీపు ఆగింది. ఎక్కేశాను. పన్నెండు కిలోమీటర్లు, పావుగంట. ఎవరూ చూడలేదు. సాయంత్రం ఆశ్రమంలో ఒక పెద్దావిడ రొట్టె, పప్పు వడ్డిస్తూ, "ఈరోజు ఎక్కడి నుంచి నడిచొచ్చావు బాబూ?" అని హిందీలో అడిగింది. నేను పొద్దున బయల్దేరిన ఊరి పేరు చెప్పాను. ఆవిడ నా పాదాలకి దండం పెట్టింది. పరిక్రమవాసి అంటే వాళ్లకి అంత గౌరవం. ఆ రొట్టె నాకు గొంతు దిగలేదు. జీపు ఎక్కడం తప్పు కాదు, ఒంట్లో బాగోకపోతే ఎక్కాల్సిందే. నడిచానని చెప్పడం తప్పు. మరుసటి ఏడాది ఆ పన్నెండు కిలోమీటర్లే ముందు నడిచాను, తర్వాతే కొత్త బాట. ఆ పెద్దావిడకి నిజం చెప్పాలని ఆశ్రమానికి వెళ్లాను. ఆవిడ లేదు, కూతురి ఊరికి వెళ్లిందన్నారు. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

అందుకని తమ్ముడూ, ప్లాన్ ఇలా వేసుకో.

మే నెల వద్దు. నిమాడ్ ప్రాంతంలో ఎండ నలభై డిగ్రీలు దాటిపోతుంది. సెలవు చైత్రంలో పెట్టుకో. తెల్లారకముందే బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా నీడకి చేరిపో. వేసవిలో రోజుకి పదిహేను కాదు, పది చాలు. లెక్క ఇంకో పదేళ్లు పెరుగుతుంది, పెరగనీ. శూలపాణి అడవి దారి చలికాలానికి వదిలెయ్. చాతుర్మాస్యంలో పరిక్రమవాసులే నడక ఆపి ఒకచోట ఉంటారు.

ముందుగా రుచి చూడాలంటే గుజరాత్‌లో తిలక్‌వాడా దగ్గర ఉత్తరవాహిని పరిక్రమ ఉంది. పడమరకి పారే నర్మద అక్కడ ఉత్తరానికి తిరుగుతుంది. చైత్రమాసంలో చేస్తారు, ఒక్కరోజులో అయిపోతుంది. ఈ చిన్న పరిక్రమలో నది దాటడం కూడా భాగమే.

సంచి తేలిగ్గా ఉండాలి. సదావ్రతంలో పెట్టింది తిను, ఆశ్రమాన్ని హోటల్‌లా చూడకు, నీ గిన్నె నువ్వే కడుక్కో. ఆపిన ఘాట్ పేరు, తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. వచ్చే ఏడాది అదే మెట్టు మీద నిలబడి అమ్మకి దండం పెట్టి మొదలుపెట్టు.

ఇక నాన్నగారి సంగతి. ఆయన బదులు నడుస్తానన్నావు. మొదటి విడతకి ఆయన్నీ ఓంకారేశ్వర్ తీసుకెళ్లు. దక్షిణ తీరాన సంకల్పం ఆయన చేతే చెప్పించు, నీళ్లు ఆయన చేతే పట్టించు. మోకాళ్లు సహకరిస్తే పది అడుగులు నీతో నడుస్తారు. ఆ పది అడుగులు కూడా నోట్‌బుక్‌లో రాయి. పదకొండో అడుగు నుంచి నువ్వు నడువు. ఇన్ని వేసవులు పూర్తవుతాయో లేదో మన చేతుల్లో లేదు. ఈ చైత్రానికి టికెట్లు తీసుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. ముందు నాన్నగారిని అడిగి తేదీ ఖాయం చేసుకో.

నర్మదే హర్!