పసుపు జెండా



వేగముగా పోవుట పాపమా? మా సంఘములోని ఒక యౌవనస్థుడు నన్నీ ప్రశ్న అడిగెను. అతనికి చెన్నైలో ఉద్యోగము. తన కష్టార్జితముతో పందెపు కారువంటి కారొకటి కొని, ఫిబ్రవరి నెలలో సెలవుపై దానిలోనే కురుపాం వచ్చెను. సంతనాడు సవర, జాతాపు స్త్రీలు కొండచీపుర్లు, చింతపండు తలకెత్తుకొని మా దారి వెంట వరుసగా నడచి వత్తురు. అట్టి దినమున ఇతని కారు దూసుకొనిరాగా ఒక వృద్ధురాలు బెదరి, మోపుతో కూడ గోతిలో పడెను. దేవుని కృపవలన ఎముకలు విరుగలేదు. అతడు ఆగలేదు.

సంగతి విని నేను గద్దించితిని. అతడు నొచ్చుకొని, "అయ్యగారూ, వేగము తప్పుకాని చోటొకటి ఉన్నది. నేను మొదటిసారి వెళ్ళుచున్నాను, మీరును వచ్చి చూడండి" అనెను.

ఆలాగున, ఘాటురోడ్డు మీద బస్సులో కన్నులు మూసుకొను నేను ఇరుంగాట్టుకోట్టై వెళ్ళితిని. చెన్నైకి పడమట, బెంగుళూరు దారిలోనున్న ఈ పందెపు బాట 1990లో తెరువబడెను. అంతకుముందు షోలవరములో, యుద్ధకాలపు విమానముల బాటపై పందెములు జరిగెడివి. చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. ఆ దినము పందెము లేదు, బహుమానము లేదు; సామాన్యులు తమ కార్లతో వచ్చి నేర్చుకొను దినమది.

మొదట కారులోని వదులు వస్తువులన్నియు తీయించిరి. బ్రేకులు, టైర్లు చూచిరి. ప్రక్కన శిక్షకుడు కూర్చుండెను. అతని మొదటి పాఠము వేగమును గూర్చినది కాదు, బ్రేకును గూర్చినది. మలుపు రాకమునుపే, కారు తిన్నగా పోవుచుండగానే, వేగము తగ్గించుకొమ్మనెను. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిమ్మట కారు ఆగుటకు నాలుగింతల దూరము కావలెను గదా. వెనుకనుండి చిన్న కారొకటి రాగా నీలి జెండా ఊపిరి. మనవాడు దారి ఇచ్చెను. ఒక మలుపులో ఎవరి కారో బాట తప్పగా పసుపు జెండా లేచెను. మనవాడు తక్షణమే నెమ్మదించెను.

సాయంకాలమున, "ఇప్పుడు చెప్పండి, ఇది పాపమా?" అనెను.

"నాయనా, ఇక్కడికి వచ్చిన ప్రతివాడును అపాయమెరిగి, సమ్మతించి వచ్చెను. ఆ వృద్ధురాలు దేనికి సమ్మతించెను? నీ ప్రాణము సైతము పూర్తిగా నీది కాదు. ఇంట నీ తల్లి ఉన్నది, నిన్ను విలువపెట్టి కొనిన ప్రభువున్నాడు. ఇక పొరుగువారి ప్రాణమును పణముగా ఒడ్డుటకు నీకు బొత్తిగా హక్కు లేదు. ముఖమైనను ఎరుగనివాడు ఎత్తిన గుడ్డముక్కకు లోబడితివి. ఎదుట నిలిచిన మనుష్యురాలిని చూచి ఆగలేకపోతివా?"

అతడు మాటలాడలేదు.

చదువరీ, నీకు కారు లేకపోవచ్చును. అధికారము కలదా? ధనము కలదా? పదునైన నాలుక కలదా? వాటికిని వేగమున్నది, వాటి దారిలోను బలహీనులు నడచుచున్నారు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పందెమును గూర్చి చెప్పుచు, పరుగుతోపాటు ఆశానిగ్రహమును గూర్చియు చెప్పెను. బ్రేకు లేని బలము బలము కాదు.

తిరుగు ప్రయాణములో నా తప్పును నాకు తెలిసివచ్చెను. నేను అతని గద్దించితిని గాని, పడినదానిని చూడబోలేదు. సత్యము పలుకు తొందరలో నేనును ఆమెను దాటిపోతిని.

తరువాత ఒక దినమున ఇద్దరము కాలినడకను ఆమె ఊరికి ఎక్కితిమి. అతడు క్షమాపణ వేడుకొనెను, నేనును వేడుకొంటిని.

ప్రభువు మనకందరికిని ఆగుట నేర్పును గాక.