బెండిగోలో డ్రాగను: ఒక ధర్మసందేహము

తనకు అన్యాయము చేసిన ఊరికి మనుష్యుడు ఉపకారము చేయవలెనా? చేసినచో దానిని ధర్మమనవలెనా, భయమనవలెనా? ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా కాపురమున్న మనబోటి కుటుంబములకు ఇది తీరికవేళ వేదాంతము గాదు. ఆస్ట్రేలియాలోని బెండిగో పట్టణమున ఈ ప్రశ్న మమ్ము గట్టిగా పట్టుకొన్నది.

మెల్బోర్న్ నగరమునుండి వాయవ్యముగా సుమారు 150 కిలోమీటర్లు పోయినచో ఆ ఊరు వచ్చును. భోజనమునకు ఒక గంట ఆగుదమని మా అల్లుడు కారు నిలిపెను. ఆ గంట సాయంకాలము వరకు సాగినది. 1851లో అచట బంగారము బయటపడెను. ఆ నేల జా జా వురుంగ్ అను ఆదివాసులది. వారిని అడిగినవారు లేరు. కోలారును ఎరిగిన మాకు గనుల ఊరు క్రొత్త గాదు. కోలారు గనులు 2001లో మూతపడినవి. ఇచటి సెంట్రల్ డెబోరా గని 1954లోనే మూతపడినది. నేడు యాత్రికులు టిక్కెట్టు కొని అందులోనికి దిగుచున్నారు. మేము దిగలేదు, మోకాళ్లు ఒప్పుకొనలేదు.

మా మనస్సును పట్టినది చైనావారి కథ. 1853లో అచటి తెల్ల త్రవ్వకందార్లు, నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము అన్యాయమని టోపీలకు ఎర్ర రిబ్బనులు కట్టుకొని ఎదురు నిలిచిరి. న్యాయమైన పోరాటమే. బంగారము దొరకినవాడును దొరకనివాడును ఒకే రుసుము చెల్లించుట ఏమి న్యాయము? కాని మరుసటి ఏడే అదే ఊర చైనావారిని తరిమివేయవలెనని పిలుపు లేచెను. అధికారులు అడ్డుపడుటచే ఆగినది. 1855లో విక్టోరియా ప్రభుత్వము ఓడనుండి దిగు ప్రతి చైనీయునిపై 10 పౌనుల పన్ను వేసెను. అంతట వారు పొరుగున దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ అను రేవున దిగి, సామానులను కావడి వేసుకొని, బెండిగోకు సుమారు 400 కిలోమీటర్లు కాలినడకన వచ్చిరి.

అట్లు వచ్చినవారు ఏమి చేసిరి? 1871లో ఊరివారు ఆసుపత్రికిని, దిక్కులేనివారి శరణాలయమునకును ధనము కూర్చుటకై ఈస్టరు ఉత్సవమును ఆరంభించిరి. ఆ దశాబ్దము ముగియక మునుపే చైనావారు పట్టువస్త్రములతో, తమ వాద్యములతో అందు చేరిరి. తరువాత ‘లూంగ్’ అను డ్రాగనును చైనానుండి తెప్పించి వీధులలో ఊరేగించిరి. వసూలైన సొమ్ము రోగులకు చేరెడిది. 1901లో ఆస్ట్రేలియా రాష్ట్రములు ఏకమైనపుడు మెల్బోర్న్ ఉత్సవములందును లూంగ్ ఆడెను. ఆ సంవత్సరాంతముననే క్రొత్త పార్లమెంటు వలసల నిరోధక చట్టము చేసెను. అధికారి తలచినచో వచ్చినవానికి ఏదో ఒక ఐరోపా భాషలో 50 పదములు చదివి వ్రాయుమనవచ్చును. వ్రాయలేనివానికి ప్రవేశము లేదు. గుమాస్తాగా మేము ఎన్నో డిక్టేషన్లు వ్రాసితిమి గాని ఇట్టిదానిని ఎరుగము. 1958లో గాని ఆ పరీక్ష రద్దు కాలేదు.

ఈ కథ విని మా మిత్రులొకరు, “అది దానం కాదండీ, కొట్టకుండా ఉండటానికి ఇచ్చిన మామూలు” అనిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. చందాలో భయమెంత, ప్రేమయెంత అని తూచుటకు ఏ త్రాసును లేదు. ఇచ్చినవానికే తెలియకపోవచ్చును. అయినను ఆసుపత్రి మంచముపై ఉన్న రోగి ఆ చట్టమును చేయలేదు గదా! పైగా చైనావారును ఆ ఊరనే జబ్బుపడిరి, ఆ ఊరనే గతించిరి. వైట్ హిల్స్ శ్మశానమున వారి లిపితో రాళ్లు నిలిచియున్నవి. తమవారిని పాతిపెట్టిన ఊరు వారికి పరాయి ఊరెట్లగును? వారు సొమ్మిచ్చినది పాలకులకు గాదు, తమ ఊరికి. మామూలు అనిన మా మిత్రులు ఈ భేదమును విడిచినారని మా తలంపు.

ఇక పుచ్చుకొన్నవాని సంగతి. నేడు బెండిగో ఆ లూంగ్‌ను గోల్డెన్ డ్రాగన్ మ్యూజియమున భద్రపరచి గర్వించుచున్నది. సంతోషమే. కాని ఆ డ్రాగనును చూపి నాడు అందరును కలసిమెలసి ఉండిరని ఎవరైన సాక్ష్యము చెప్పినచో మేము అంగీకరింపజాలము. ఒక పద్దులోని జమ మరియొక పద్దులోని బాకీని కొట్టివేయదు. ఆఫీసులో ఏ చిన్న గుమాస్తా నడిగినను చెప్పును.

మన సంఘము ఉగాది చందాలో కొంత ఏటేట ఊరి ఆసుపత్రికి ఇచ్చుచున్నది. తెలుగుబడికి ఉపాధ్యాయుని వేయనివారికి మనమేల ఈయవలెనని ఈ ఏడు కొందరు యువకులు అడిగిరి. వారి కోపము న్యాయమైనదే. అయినను ఆసుపత్రి చందాను, ఉపాధ్యాయుని కోరు అర్జీని ఒకేనాడు, వేరు వేరు కవర్లలో పంపవలెనని మేము కార్యవర్గమునకు వ్రాసియిచ్చితిమి. అర్జీలో చందా మాట ఒక్క అక్షరమైనను ఉండరాదనియు వ్రాసితిమి.