వర్తకులు త్రోసివేయు వజ్రము

యోబు గ్రంథము 28వ అధ్యాయము భూమిని తొలచు గనివారిని గూర్చి చెప్పుచున్నది. నేటి మిక్కిలి లోతైన గనియైనను సుమారు 4 కిలోమీటర్లే.

బ్రెజిల్‌లోని జుయినాలో గోధుమవన్నె వజ్రమొకటి దొరికెను. వర్తకునికి అది పనికిరాని రాయి. అట్టి కన్నులతోనే కదా మనము ఆరాధనకు వచ్చు బీదవానిని చూచుచున్నాము! దానిలో రింగ్‌వుడైటు రేణువు చిక్కుకొనియున్నదని 2014లో ప్రకటించిరి. ఆ ఖనిజము 520 మొదలు 660 కిలోమీటర్ల లోతున నుండునది. రేణువు బరువులో నూటికి ఇంచుమించు ఒకటిన్నర వంతు నీరే. చెరువు నీరువంటిది కాదు సుమా! స్ఫటికములోని ఆక్సిజనును హైడ్రోజను అంటిపట్టుకొనియుండును.

ఇంకను దిగువను ఒత్తిడి చేత ఒక్కొక్క సిలికాను చుట్టు 4కు బదులు 6 ఆక్సిజనులు చేరును. రింగ్‌వుడైటు విడిపోయి బ్రిడ్జ్‌మనైటు పుట్టును. అందులో నీటికి చోటు బహు స్వల్పము.