దుకాణం హక్కు, ఇంటి హక్కు

తునికాకు సేకరణ కాలం వచ్చిందంటే భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు చిన్న దుకాణదారులకు తీరిక ఉండదు. ఫజ్ర్ తర్వాత తెరిచిన దుకాణం ఇషా దాటినా మూయరు. ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. ‘వాళ్ల కోసమే కదా’ అని సర్ది చెప్పుకుంటాము.

హలాల్ సంపాదన పుణ్యకార్యమే. కాని హజ్రత్ అబూ దర్దా (రజి) పగలు ఉపవాసాల్లో, రాత్రి నమాజుల్లో మునిగి ఇల్లాలిని పట్టించుకోనప్పుడు, హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయన్ను వారించారు. ప్రభువుకూ, శరీరానికీ, ఆలుబిడ్డలకూ ఎవరి హక్కు వారికివ్వమన్నారు. దైవప్రవక్త (సఅసం) ఆ మాట నిజమన్నారు.

ఆరాధన పేరుతోనే ఇంటివారి హక్కు కాజేయరాదంటే, గల్లాపెట్టె పేరుతో ఎలా చెల్లుతుంది? ఉపాధి ప్రదాత అల్లాహ్‌యే. ఈ రాత్రి ఒక గంట ముందే దుకాణం కట్టేసి, పిల్లలతో కలిసి అన్నం తినండి.