సీమావృక్షము



ఇరుగుపొరుగుల నడుమ ఎల్లకడ నిలిచిన ఒక్క చెట్టు కొఱకై రెండు కుటుంబములు ఏండ్ల తరబడి న్యాయస్థానము మెట్లెక్కుట మనమెఱిగినదే. కొమ్మ వంగినదని ఒకరు, కాయ కోసిరని మఱొకరు వ్యాజ్యమాడుదురు. ఈ విషయమున శాస్త్రము ఏమి చెప్పుచున్నదో కొంచెము విచారింతము.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున పదునెనిమిది వ్యవహారపదములు చెప్పబడినవి. వానిలో సీమావివాద మొకటి. ఎల్ల తెలియుటకై మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ, తాడి మున్నగు వృక్షములను నాటవలెనని అందు విధి గలదు. పైకి కనబడు గుర్తులు చెడినను తగవు తీఱుటకై రాళ్లు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు భూమిలో గూఢముగా పాతిపెట్టుమనియు చెప్పబడినది. సాక్షులు శిరమున మన్ను దాల్చి, తమ సుకృతములపై ప్రమాణము చేసి ఎల్లను నిర్ణయింపవలెను.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ చెట్టును నాటినది తగవు రాకుండుటకు. అది మూగసాక్షి. మనమో, ఆ సాక్షినే ముద్దాయిని చేయుచున్నాము!

ఈ మాట ఒరులకు చెప్పుటకు ముందు నా తప్పు నేను చెప్పుకొనవలెను. మా పెరటి మామిడికొమ్మ ఒకటి ప్రక్కయింటివారి నూతిపైకి వంగినది. ఆకులు పడి నీరు చెడుచున్నదని ఆ గృహస్థు రెండు మారులు వచ్చి అడిగిరి. నేను మనువును, మితాక్షరను వల్లించి, చెట్టు మాదే యని వాదించితిని. గెలిచితిని కూడ. ఏటేటా మా చెట్టు ఆకులతోనే తోరణము కట్టు ఆ గుమ్మము, ఆ ఉగాదినాడు బోసిగా నుండెను. దానిని చూచినంతనే నా పాండిత్యము నాకే బరువైనది. ఆ సాయంకాలమే వెళ్లి క్షమింపుమని వేడి, మఱునాడు కూలివానిని పిలిపించి ఆ కొమ్మను కొట్టించితిని. శ్రీరామనవమికి వారింటి పానకము మా యింటికి వచ్చినది.

హక్కులు లేవని కాదు. తన స్థలములోనికి వ్రేలాడు కొమ్మను ఎల్లవఱకు తొలగించుకొను హక్కును నేటి న్యాయస్థానములును అంగీకరించినవి. అంతమాత్రమున మ్రానును కూల్చుటకు వీలు లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ప్రకారము మన రాష్ట్రములలో చెట్టు నఱకుటకు సాధారణముగా అనుమతి పొందవలెను. మాటలతో తేలని తగవునకు, 1987 నాటి చట్టముచే ఏర్పడిన లోక్ అదాలత్ కలదు. అందు కోర్టు రుసుము లేదు. ఇరువురి సమ్మతితో కుదిరిన తీర్పుపై అప్పీలును లేదు. కాని వీనికన్న ముందు త్రొక్కవలసినది పొరుగువారి గడప.

శ్రీవిష్ణుసహస్రనామమున న్యగ్రోధ, ఉదుంబర, అశ్వత్థ నామములు వరుసగా పఠించుచున్నాము. నమ్మాళ్వారులు ఆశ్రయించినది ఆళ్వార్ తిరునగరిలోని చింతచెట్టునే. గాలిని, వానను, ఎండను తాము సహించి మనలను కాచు వృక్షముల ధన్యతను శ్రీకృష్ణభగవానుడు గోపబాలురకు చూపిన ఘట్టము భాగవత దశమస్కంధమున కలదు. చెట్టు వేరు ఒకరి నేలలో నున్నను, దాని నీడకు ఎల్ల తెలియదు. ఆ నీడలో ఇరువురును కలసి కూర్చుండు బుద్ధిని శ్రీనివాసుడు మనకు ప్రసాదించుగాక!